శివారు

కాలువలు కట్టేసిన వైశాఖంలో
షట్టరుని పాలకొల్లు ఆసుపత్రికి తీసుకెళ్ళాను.
షట్టరంటే ఇనప తలుపు కాదు, మా కుక్క.
నేను లస్కరుని. అది లాకుల దగ్గరే పుట్టింది,
ఆ పేరే అతుక్కుంది.

కుడి చంక కింద గడ్డ.
దాళ్వా నాట్లప్పుడు ఉసిరికాయంత ఉండేది,
వేలితో నొక్కితే జారేది.
కోతల నాటికి నిమ్మకాయంతై, జారడం మానేసింది.

డాక్టరు వహీదా గారు
మందుల చీటీ వెనకాల బొమ్మ గీసింది.
"గడ్డొక్కటే తీస్తే చాలదు బాబాయ్,
చుట్టూ మంచి చర్మం కూడా పోవాలి.
ఎంతదాకా పాకిందో కంటికి తెలీదు కదా."
రెండు వేళ్ళు ఆనించి చూపించింది.
మనసులో లెక్కేశాను: అరచేయంత గుంట.

కప్పడానికి వీపు నుంచి తెస్తానంది.
పూర్తిగా ఊడదీసి కాదు,
మూడు వైపులా కోసి, ఒక వైపు వదిలేసి,
తిప్పి, గుంట మీద పరుస్తుందట.
ఆ వదిలిన వైపు ఒక రక్తనాళం ఉంటుంది,
అది తెగకపోతే పరిచిందంతా బతుకుతుంది.

చదువు లేకపోయినా ఆ ముక్క అర్థమైంది.
ముప్పయ్యొక్క ఏళ్ళు నేను కాసిందదే,
ఒక బోదె తెగకుండా.

బయట బెంచీ మీద మూడు గంటలు.
పక్కనాయన గేదె ఈని లేవటం లేదు.
బీడీలు మార్చుకున్నాం, మాటలు లేవు.

వీపు మీద కొడవలి వంపులో కుట్లు, చంక కింద ఇంకో వరస.
లెక్కపెట్టాను, డెబ్బై రెండు.
ఓ రబ్బరు గొట్టం వేలాడుతోంది.
"డ్రెయిన్" అంది డాక్టరమ్మ.
నవ్వొచ్చింది. మాకూ అంతేనమ్మా,
కాలువ ఒక్కటే తవ్వితే ఊళ్ళు మునుగుతాయి.

ఇంటికొచ్చాక, అడుగు కోసిన పెయింటు బకెట్టు
మెడకి తగిలించాం.
అది గుమ్మానికి కొట్టుకున్నప్పుడల్లా
మా చంద్రకాంతం "ఎవరూ?" అని లేచేది.

ఐదో నాడు చివర నల్లబడింది.
తెచ్చిన చర్మమంతా వెచ్చగా ఉంది,
కొసన మాత్రం బొటనవేలంత మేర
చల్లగా, మాడిన బెల్లప్పాకం రంగులో.
ఫోనులో డాక్టరమ్మ అంది:
"నాళానికి దూరం కదా బాబాయ్,
అక్కడిదాకా నెత్తురు అందదు ఒక్కోసారి."

శివారు.
ఆవిడ ఆ మాట వాడలేదు.
నాకా రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక దాళ్వాలో
పై చెరువులవాళ్ళు రాత్రిపూట తూములు ఎత్తుకుంటుంటే
చూసీ చూడనట్టు గట్టు దిగిపోయాను.
ఊరికే దిగలేదు.
బాగా దిగువన, మొగల్తూరు దారిలో,
పాలు పోసుకోవాల్సిన చేను ఎండిపోయి
చింతా వీర్రాఘవులనే కౌలురైతు
గుప్పెడు కంకులు పీకి తెచ్చి
నా రిజిస్టరు మీద పెట్టి వెళ్ళిపోయాడు.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
ఊదితే ఎగిరిపోయాయి, అన్నీ తాలు.

నల్లబడ్డ అంచు కత్తిరించేశారు.
రోజూ ఉప్పునీళ్ళతో కడిగి తేనె రాశాను.
ఎంత మండినా షట్టరు నా చెయ్యి కొరకలేదు.
దానికి నా సంగతి తెలీదు.

విజ్జేశ్వరంలో నీళ్ళు వదిలిన వారానికి
ముందు గుర్రపుడెక్క వచ్చింది, వెనక నీళ్ళు.
పుండు అంచులు దగ్గరికొచ్చాయి.
గన్నవరం పంపిన ముక్క కబురూ వచ్చింది,
అంచుల్లో ఏమీ లేదట.
మళ్ళీ రాదని మాత్రం ఎవరూ రాసివ్వరట.

ఇప్పుడు చంక కింద బొచ్చు ఎదురు మొలుస్తోంది,
తెల్లటి పొట్ట పక్కన వీపు నలుపు,
తొందరలో వేసిన మాసికలా.
అక్కడ దోమ వాలితే
షట్టరు వీపు విదిలించుకుంటుంది.
చర్మానికింకా పాత ఊరే గుర్తు.

సాయంత్రాలు ఇద్దరం గట్టు మీద
కిందికి, ఇంకా కిందికి నడుస్తున్నాం,
ఇదివరకు నేను వెనక్కి తిరిగే తూము దాటి.
ఆఖరి బోదెలో చెప్పులు విడిచి దిగి చూస్తాను.
నిన్న మడమ మునగలేదు.